ఈకను తినే బుల్లిజీవి

కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నాడంటే పనికిరాని తప్పులు వెతుకుతున్నాడని అర్థం. అది వేళాకోళం. నిజంగా కోడికే ఈకలు పీకాక, ఆ ఈకల్ని ఎక్కడ పారేయాలన్నది మాత్రం వేళాకోళం కాదు. ఊళ్లో ప్రతి చికెన్ షాపు వెనకా, ప్రతి మున్సిపాలిటీ చెత్త కుప్పలోనూ, ఊరి చివర ప్రతి కాల్వగట్టు మీదా కనిపించే సమస్య అది.

ఆదివారం పొద్దున్నే కోడిని తూకం వేయించుకుంటాం. స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా అని కొట్టేవాడు అడుగుతాడు. చెప్పిన పది నిమిషాల్లో ముక్కలు సంచీలోకి వస్తాయి. లివర్, కందనకాయ కావాలంటే అవీ వేస్తాడు. తల, పేగులు, ఈకలు మాత్రం పక్కనున్న డ్రమ్ములోకి పోతాయి. ఆ డ్రమ్ము ఎక్కడికి పోతుందో కొన్నవాళ్లకు తెలియదు. చాలాచోట్ల అమ్మినవాళ్లకూ తెలియదు!

ఆ డ్రమ్ములోని ఈకల్ని ఇష్టంగా తినే జీవి ఒకటుంది. కంటికి కనిపించదు. కూలి అడగదు. గోరువెచ్చని తడి, కాస్త గాలి ఉంటే చాలు, పనిలో దిగుతుంది. అదో బ్యాక్టీరియా. దాన్ని పనిలో పెట్టుకోవాలని ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు మూడున్నర దశాబ్దాలుగా తంటాలు పడుతున్నాయి.

ఎన్ని ఈకలు?

కోడి బరువులో ఈకల వాటా సుమారు 5 నుంచి 7 శాతం. అంటే రెండు కిలోల బ్రాయిలర్ కోడికి వంద నుంచి నూట నలభై గ్రాముల ఈకలుంటాయి. చూడ్డానికి దూదిపింజలా ఉంటాయి కాబట్టి అంత బరువని అనిపించదు. ఒక షాపులో ఆదివారం వంద కోళ్లు తెగాయనుకుందాం. 10 నుంచి 14 కిలోల ఈకలు పోగవుతాయి. ఓ మోస్తరు పట్టణంలో అలాంటి షాపులు వంద ఉంటే ఒక్కరోజులో టన్ను దాటిపోతుంది. నీళ్లు, నెత్తురు కలిసిన తడి బరువు ఈ లెక్కలో లేదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న కోళ్లు, బాతుల్లాంటి పెంపుడు పక్షులు 85 కోట్ల పైమాటే. 12 కోట్లతో తమిళనాడు మొదటి స్థానంలో ఉంటే, దాదాపు 10.8 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో, 8 కోట్లతో తెలంగాణ మూడో స్థానంలో నిలిచాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే దేశంలోని ప్రతి వంద కోళ్లలో 22 మన దగ్గరే ఉన్నాయన్నమాట. పైగా ఇది లెక్కపెట్టిన రోజున ఉన్న సంఖ్య మాత్రమే. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో కోతకొస్తుంది. ఒకే షెడ్డులో ఏడాదికి ఐదారు బ్యాచీలు తీస్తారు. కాబట్టి ఏడాదంతా తెగే కోళ్లు, వాటితోపాటు పోగుపడే ఈకలు ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ.

పోయేదెక్కడికి?

కొన్ని ఊళ్లలో ఈకలు మున్సిపాలిటీ బండి ఎక్కి డంపింగ్ యార్డుకు చేరతాయి. కొన్నిచోట్ల గుంత తీసి పూడ్చేస్తారు. బండి రాని ఊళ్లలో చీకటి పడ్డాక సంచీలు కాల్వలోకో, చెరువుగట్టు మీదకో, హైవే పక్కన తుప్పల్లోకో వెళ్లిపోతాయి. కుక్కలు లాగుతాయి, కాకులు ఎగరేస్తాయి. మురుగుకాల్వలో ఈకలు చాపలా అల్లుకుని నీళ్లకు అడ్డం పడతాయి. తగలబెడదామంటే వెంట్రుకలు కాలిన కంపు వీధంతా కమ్మేస్తుంది. ఈకలోని గంధకం మండితే వచ్చే వాసన అది.

ఇంకో దారి కూడా ఉంది. అది చేపల చెరువుల దారి. కోళ్ల వ్యర్థాల్ని డ్రమ్ముల్లో నింపి, రాత్రిపూట లారీలకెత్తి, చేపలకు మేతగా వేయడం రెండు రాష్ట్రాల్లోనూ పలుమార్లు వార్తల్లోకొచ్చింది. కేంద్రం 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచే చెరువులకు ఈ మేతంటే మరీ మోజు. ఖర్చు తక్కువ, చేప త్వరగా పెరుగుతుంది. పేగులు, తలలు చేపలు తినేస్తాయి. ఈకలు మాత్రం తినవు. అవి చెరువు అడుగున పేరుకుంటాయి. నీళ్లు నల్లబడతాయి. పక్క పొలంలోని బోరు నీళ్లు వాసనొస్తున్నాయని రైతులు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

రోగాల భయం కూడా తక్కువేం కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లోని కొన్ని ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్లను పూడ్చిపెట్టారు, చుట్టుపక్కల చికెన్ అమ్మకాలు ఆపేశారు. ఇలాంటప్పుడు అందరి కళ్లూ మాంసం మీదా, గుడ్ల మీదా ఉంటాయి. ఈకల్ని ఎవరూ పట్టించుకోరు. బర్డ్ ఫ్లూ సోకిన బాతుల ఈకల్ని జపాన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఊడిన ఈకలో హెచ్‌5ఎన్‌1 వైరస్ 4 డిగ్రీల చలిలో 160 రోజులు, 20 డిగ్రీల దగ్గర 15 రోజులు బతికే ఉంది! వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గిపోతుంది. 56 డిగ్రీల వేడిలో మూడు గంటలు ఉంచితే ఆ వైరస్ చస్తుంది. ఈ సంగతి ముందుముందు పనికొస్తుంది, గుర్తుంచుకోవాలి.

ఎందుకు కుళ్లదు?

పేగులు ఒక్కపూటలో కుళ్లిపోతాయి. ఈకలు నెలల తరబడి అలాగే ఉంటాయి. రెండూ ఒకే కోడివే. తేడా ఎక్కడుంది?

ఎండు ఈకలో నూటికి తొంభై వంతులు కెరాటిన్ అనే మాంసకృత్తే. మన జుట్టు, గోళ్లు, గొర్రె ఉన్ని, ఆవు కొమ్ము... అన్నీ కెరాటిన్ కుటుంబమే. ఇందులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. ఒక పోగులోని గంధకం పక్క పోగులోని గంధకాన్ని పట్టుకుంటుంది. కొక్కేనికి కొక్కెం తగిలించినట్టు వేల లంకెలు పడతాయి. టైరు రబ్బరుకు గట్టిదనం వచ్చేది కూడా ఇలాంటి గంధకపు లంకెల వల్లే.

బ్యూటీపార్లర్‌లో జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్లకు ఈ లంకెల సంగతి తెలియకుండానే తెలుసు. అక్కడ ముందు పూసే ఘాటు వాసన మందు ఈ గంధకపు కొక్కేల్ని విప్పుతుంది. జుట్టును సాపు చేశాక ఇంకో మందు పూసి కొక్కేల్ని మళ్లీ బిగిస్తారు. అంత రసాయనం పడితేగానీ విడిపోని లంకెలు మన కడుపులోని జీర్ణరసాలకు ఏం లొంగుతాయి? అందుకే కూరలో పొరపాటున వెంట్రుక వచ్చి మింగినా అది అరగదు. ఈకల్ని ముక్కలు చేసి కోళ్లకే వేసినా అంతే. తిన్నవి తిన్నట్టే బయటికొస్తాయి.

ఇంత గట్టిదైనా, అడవిలో ఎన్ని పక్షులు రాల్చిన ఈకలూ గుట్టలుగా పడి ఉండవు. వాటిని ఎవరో తినేస్తున్నారు. ఆ ఎవరన్నది తేల్చడానికి ఒక పెంట తొట్టి సాయం చేసింది.

తొట్టిలో మాయమైన ఈకలు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో కోళ్ల పెంపకం పెద్ద పరిశ్రమ. అక్కడ రాలీ నగరంలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో జేసన్ షీ అనే పౌల్ట్రీ శాస్త్రవేత్త 1980లలో కోళ్ల పెంటతో గ్యాస్ తీసే డైజెస్టర్ మీద పనిచేసేవారు. మన గోబర్ గ్యాస్ ప్లాంటు లాంటిదే. కాకపోతే దాన్ని 50 డిగ్రీల వేడిలో నడిపేవారు. పెంటతోపాటు ఈకలూ ఆ తొట్టిలోకి వెళ్తుండేవి. పెంట గ్యాసవ్వడం మామూలే. విచిత్రమేమిటంటే లోపలికి వెళ్లిన ఈకలు తిరిగి కనిపించేవి కావు!

ఈకలు కరుగుతున్నాయంటే కరిగించేదేదో ఆ తొట్టిలోనే ఉండాలి. షీ బృందం అందులోని ద్రవాన్ని తీసి, ఈకలు తప్ప వేరే తిండి లేని సీసాల్లో పెంచుతూ వెళ్లింది. ఈకను తినగలిగినవే మిగులుతాయి, తినలేనివి ఆకలితో చస్తాయి. అలా వడపోయగా చివరికి ఒక కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా దొరికింది. అది బాసిల్లస్ లైకెనిఫార్మిస్ జాతిదని తేలింది. దానికి పీడబ్ల్యూడీ-1 అని పేరు పెట్టారు. పీడబ్ల్యూడీ అనగానే మనవాళ్లకు రోడ్లు, వంతెనలు గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం పౌల్ట్రీ వేస్ట్ డైజెస్టర్ అని అర్థం. పుట్టిన తొట్టి పేరే దానికి ఇంటిపేరయింది. 1990లో ఈ వివరాలు పరిశోధన పత్రికలో అచ్చయ్యాయి.

దీని అలవాట్లు కూడా అందులోనే ఉన్నాయి. 45 నుంచి 50 డిగ్రీల వేడంటే దీనికి ఇష్టం. ఒక వంతు ఈకలకు రెండు వంతుల బ్యాక్టీరియా ద్రవం కలిపి, 50 డిగ్రీల దగ్గర ఆరు రోజులు ఉంచితే పని బాగా జరిగింది. ఈకలోని మాంసకృత్తు విడిపోయి అమైనో ఆమ్లాలుగా నీళ్లలోకి దిగింది.

బాసిల్లస్ లైకెనిఫార్మిస్ మనకు కొత్త చుట్టమేం కాదు. నేలలో ఎక్కడైనా ఉంటుంది. పుళ్లకు రాసే మందుల్లో వాడే బాసిట్రాసిన్ దీన్నుంచే వస్తుంది. మరకలు పోగొట్టే ఎంజైమ్‌లున్నాయని టీవీ ప్రకటనల్లో చెప్పే బట్టల సబ్బుపొడుల్లోని ఎంజైమ్‌లలో ఒక ముఖ్యమైన రకం మొదట దీన్నుంచే దొరికింది. చొక్కా మీది నెత్తుటి మరకను విడగొట్టే జాతే కోడి ఈకను కూడా విడగొడుతోందన్నమాట.

తినేదెలా?

బ్యాక్టీరియాకు నోరు లేదు, పళ్లు లేవు. తిండిని బయటే అరిగించుకుని, అరిగినదాన్ని పీల్చుకుంటుంది. ఈకకు అంటుకుని కెరటినేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది. ముందు గంధకపు కొక్కేలు తెగాలి. అవి తెగితే అల్లిక వదులవుతుంది. అప్పుడు ఎంజైమ్ లోపలికి దూరి పొడవాటి మాంసకృత్తు గొలుసుల్ని ముక్కలు చేస్తుంది. ఎంజైమ్‌ను విడిగా తీసి ఈకల మీద పోస్తే పని మందంగా సాగుతుంది. బతికున్న బ్యాక్టీరియా పక్కనే ఉంటే చురుగ్గా సాగుతుంది. కొక్కేలు విప్పడంలో బతికున్న కణాల సాయం కూడా కావాలి కాబట్టి ఆ తేడా.

రాలీ బృందం 1992లో ఈ ఎంజైమ్‌ను శుద్ధి చేసింది. 1995లో దాన్ని తయారుచేయించే జన్యువును చదివింది. ఈలోగా అసలు పరీక్ష కూడా జరిగింది. బ్యాక్టీరియా కరిగించిన ఈకల్ని దాణాలో కలిపి కోళ్లకు పెట్టారు. తక్కువైన అమైనో ఆమ్లాల్ని పైనుంచి కలిపితే, సోయా చెక్క తిన్న కోళ్లతో సమానంగా అవీ పెరిగాయి. పారేసే ఈక మళ్లీ కోడి మేతయింది!

కుక్కరుకూ బ్యాక్టీరియాకూ పోటీ

ఈకల్ని దాణాగా మార్చడం అంతకుముందు లేదా అంటే... ఉంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈకల్ని భారీ ప్రెషర్ కుక్కర్లలో వేసి, సుమారు 140 డిగ్రీల ఆవిరిలో అరగంట నుంచి గంట వరకు ఉడికిస్తారు. తర్వాత ఆరబెట్టి పొడి కొడతారు. దాన్ని ఫెదర్ మీల్ అంటారు. ఇందులో మాంసకృత్తులు 80 శాతం పైనే ఉంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ లైసిన్, మెథియోనిన్, హిస్టిడిన్, ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లాలు అసలే తక్కువ. పైగా ఆ వేడికి ఉన్న మంచివాటిలోనూ కొన్ని పాడవుతాయి. ఉడుకు తగ్గితే అరగదు, ఎక్కువైతే సారం పోతుంది. అన్నం వండినట్టే, పదును తెలియాలి.

బ్యాక్టీరియా పని 50 డిగ్రీల్లోనే అవుతుంది కాబట్టి సారం మిగులుతుంది, బొగ్గు, కరెంటు ఖర్చు తగ్గుతుంది. ఇది దాని గెలుపు. మరి ఓటమి ఎక్కడ? కుక్కరు గంటలో చేసేపనికి దీనికి రోజులు పడుతుంది. రోజూ టన్నులకొద్దీ ఈకలు దిగే చోట ఆరు రోజుల సరుకు నానబెట్టాలంటే ఎన్ని తొట్లు కావాలి! ఈకలు నీళ్లలో తేలతాయి, కలియబెడుతూ ఉండాలి. పని అయ్యాక మిగిలేది చిక్కటి రసం. దాన్ని పొడి చేయాలంటే మళ్లీ మంట పెట్టాల్సిందే. ఆదా అనుకున్న ఖర్చులో సగం అక్కడ పోతుంది. ప్రయోగశాలలోని సీసాకూ ఫ్యాక్టరీలోని తొట్టికీ మధ్య ఇంత దూరం ఉంది.

అందుకే వ్యాపారం ఇంకో మలుపు తిరిగింది. జేసన్ షీ కుటుంబం 1999లో బయోరిసోర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థను మొదలుపెట్టింది. అక్కడ ఈకల్ని కరిగించి అమ్మడం కంటే, కరిగించే ఎంజైమ్‌నే పొడిచేసి దాణాలో కలపడం లాభమనిపించింది. కోడి కడుపులో అది ఈకను కాకపోయినా సోయా, మొక్కజొన్నల్లోని మాంసకృత్తుల్ని ఇంకాస్త బాగా అరిగిస్తుంది. అంటే తక్కువ దాణాకు ఎక్కువ బరువు. చెత్త కోసం వెతికిన మందు చివరికి తిండికి మందయింది.

అడవి పక్షుల మీదా ఉంది

ఒక బ్యాక్టీరియా దొరికాక అన్ని దేశాలవాళ్లూ వేట మొదలుపెట్టారు. అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల్లో వేడినీటి ఊటలున్నాయి. అక్కడ దొరికిన ఒక బ్యాక్టీరియా 70, 80 డిగ్రీల వేడిలో ఈకల్ని రెండు రోజుల్లో కరిగించేసింది. జర్మనీ శాస్త్రవేత్తలు 1996లో దానికి ఫెర్విడోబ్యాక్టీరియం పెన్నవోరన్స్ అని పేరు పెట్టారు. పెన్నవోరన్స్ అంటే లాటిన్‌లో ఈకను మింగేదని అర్థం.

అసలు బతికున్న పక్షుల ఒంటిమీద కూడా ఈ జీవులుంటాయా? అమెరికాలోని ఒహాయో వెస్లియన్ యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ బర్ట్, జాన్ ఇచిడా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 83 జాతులకు చెందిన 1,588 పక్షుల్ని పట్టి చూశారు. 32 జాతుల్లో, 134 పక్షుల ఈకల్లో ఈకతిండి బ్యాక్టీరియా కనిపించింది. 1999లో ఈ సంగతి ప్రచురించారు. పక్షులు ముక్కుతో ఈకల్ని దువ్వుకోవడం, నూనె రాసుకోవడం, రెక్కలు చాచి ఎండకు కూర్చోవడం వంటి అలవాట్లకు ఇదీ ఒక కారణం కావచ్చన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. నల్లరంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న ఈకల్ని ఈ బ్యాక్టీరియా అంత తేలిగ్గా కొరకలేదని కూడా ఆ తర్వాతి పరీక్షల్లో కొన్నింటిలో తేలింది. ఆ లెక్కన తెల్ల బ్రాయిలర్ ఈకలు త్వరగా కరిగినా నాటుకోళ్ల నల్లని ఈకలకు ఇంకాస్త ఓపిక పట్టాల్సి రావచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా కోళ్లూ రంగుల ఈకలవే.

మన దగ్గర కూడా యూనివర్సిటీ మైక్రోబయాలజీ విద్యార్థులకు ఇది పాత పరిచయమే. కోళ్లు కోసే చోటనుంచి చెంచాడు మట్టి తెస్తారు. పాలపొడి కలిపిన జెల్లీ పళ్లెం మీద పూస్తారు. మాంసకృత్తును తినే బ్యాక్టీరియా ఉన్నచోట పాల తెలుపు విరిగి చుట్టూ అద్దంలాంటి వలయం ఏర్పడుతుంది. దాన్ని తీసి, ఒక్క తెల్ల ఈక వేసిన నీళ్ల సీసాలో వదులుతారు. కొద్దిరోజులకు నీళ్లు పసుపుపచ్చగా మారి, ఈకలో నడిమి కాడ తప్ప ఏమీ మిగలకపోతే జీవి దొరికినట్టే. మందు ఎక్కడో విదేశాల నుంచి రానక్కర్లేదు. చెత్త పడేచోటే దాని మందు కూడా పుట్టి ఉంటుంది.

పిచ్చి ఆవుల జబ్బు దాకా

ఈ ఎంజైమ్ ఇంకో పెద్ద పరీక్షకు కూడా నిలబడింది. 1986లో బ్రిటన్‌లో బయటపడ్డ పిచ్చి ఆవుల జబ్బుకు కారణం ప్రియాన్ అనే వంకర తిరిగిన మాంసకృత్తు. మామూలుగా ఉడికిస్తే అది చావదు, ఎంజైమ్‌లకు లొంగదు. జబ్బు సోకిన ఆవులు, గొర్రెల మెదడు ముక్కల్ని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు, షీ బృందం కలిసి పరీక్షించారు. సబ్బులాంటి రసాయనంతో వేడిచేసి, తర్వాత పీడబ్ల్యూడీ-1 ఎంజైమ్ వేస్తే, పరీక్షకు దొరకనంతగా ప్రియాన్ విరిగిపోయింది. 2003లో ఈ ఫలితం వచ్చింది. ఈకను కొరికే పళ్లకు ఏ మాంసకృత్తూ గట్టిది కాదన్నమాట.

తోళ్ల పరిశ్రమ కూడా ఈ ఎంజైమ్ మీద ఆశ పెట్టుకుంది. తోలు మీది వెంట్రుకలు ఊడదీయడానికి సున్నంతో కలిపి సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీళ్లు వదిలిన కాల్వలో గంధకం కంపు భరించలేం. దాని బదులు కెరటినేజ్ వాడితే మురుగు తగ్గుతుంది. వెంట్రుకను తినే ఎంజైమ్ తోలును తినకుండా ఆపడమే అందులో మెలకువ.

ఒక హెచ్చరిక

ఈక దాణాగా తిరిగొస్తుందంటే అంతా లాభమేనా? ఒక ప్రమాదం ఉంది. కోడికి వేసిన మందుల ఆనవాళ్లు ఈకల్లో చేరతాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి అమెరికా, చైనాల ఫెదర్ మీల్ నమూనాలు పన్నెండింటిని పరీక్షించి 2012లో ఫలితాలు బయటపెట్టారు. పన్నెండింటిలోనూ యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు దొరికాయి! మాంసం అమ్మేముందు మందు ఆపేసినా, ఈకలో చేరింది అక్కడే ఉంటుంది. ఆ ఈక మళ్లీ దాణాలోకొస్తే మందు కూడా తిరిగొస్తుంది. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే ఆఖరి అస్త్రంలాంటి యాంటీబయాటిక్‌ను కోళ్లు, చేపలు, పశువుల్లో వాడకుండా నిషేధించింది. కాబట్టి ఈకల్ని మేతగా మార్చేవాళ్లు ముందు ఫారంలో వాడిన మందుల లెక్క చూసుకోవాలి. బ్యాక్టీరియా మాంసకృత్తును విరుస్తుందే గానీ, అన్ని మందుల్నీ విరుస్తుందన్న భరోసా లేదు.

పొలానికైతే తేలిక

ఈకను దాణా చేయడం ఫ్యాక్టరీ పని. ఎరువు చేయడం మాత్రం ఫారం దగ్గరే అయ్యే పని. ఎండు ఈకలో సుమారు 15 శాతం నత్రజని ఉంటుంది. యూరియాలో 46 శాతం. అంటే ఇంచుమించు 140 కిలోల ఎండు ఈకల్లో 45 కిలోల యూరియా బస్తా అంత నత్రజని దాగుంది. పైగా యూరియాలా వారంలో కరిగి నీళ్లతో పోదు. నెమ్మదిగా, పంట కాలమంతా కొద్దికొద్దిగా అందుతుంది.

చిక్కల్లా నత్రజని మరీ ఎక్కువ కావడంలోనే ఉంది. ఒట్టి ఈకల్ని కుప్పపోస్తే కుళ్లినకొద్దీ అమ్మోనియా ఘాటు లేచి, ఎరువులో ఉండాల్సిన నత్రజని గాలిలో కలుస్తుంది. అందుకే వరిపొట్టు, ఎండుగడ్డి, కోసిన జొన్నదంట్లు, రంపపు పొట్టు లాంటి పొడి సరుకును పొరలు పొరలుగా కలపాలి. మన ఫారాల్లో కోళ్ల కింద పరిచేది చాలావరకు వరిపొట్టే కాబట్టి దానికి వెతుక్కోనక్కర్లేదు. పిండితే చుక్క కారీ కారనట్టు తడి ఉండాలి. వారానికోసారి తిరగేస్తే గాలి ఆడుతుంది. సరిగ్గా కుదిరితే కుప్ప లోపల 55, 60 డిగ్రీల వేడి దానంతటదే పుడుతుంది. ఈకతిండి బ్యాక్టీరియాకు అది ఇంచుమించు పుట్టిల్లు. బర్డ్ ఫ్లూ వైరస్‌కు అదే మరణశయ్య. ఈకతిండి బ్యాక్టీరియాను పెంచి కంపోస్టు కుప్పలో కలిపితే ఈకలు త్వరగా విరుగుతున్నాయని ఇచిడా బృందం 2001లో చూపించింది. ఈ జాతి బ్యాక్టీరియా విత్తనంలాంటి గట్టి పెంకు కట్టుకుని ఎండలోనూ బతుకుతుంది కాబట్టి, పొడి రూపంలో పొట్లం కట్టి రైతుకివ్వడం కష్టం కాదు. రోగం వచ్చి చచ్చిన కోళ్లు, వాటి ఈకలు మాత్రం ఇంటి పద్ధతుల్లో ముట్టుకోకూడదు. పశువైద్యులు చెప్పినట్టు పూడ్చాల్సిందే.

డ్రమ్ము దగ్గరే మొదలు

ఇన్ని తెలిసినా ఈకలు కాల్వలోకే ఎందుకు పోతున్నాయి? బ్యాక్టీరియా లేక కాదు. ఈకలు విడిగా లేక. షాపులోని ఒకే డ్రమ్ములో పేగులు, తలలు, నెత్తురు, ఈకలు, ప్లాస్టిక్ సంచీలు అన్నీ కలిసిపోతాయి. రెండు గంటల్లో అది కంపు ముద్ద. అందులోంచి ఈకను విడదీసే కూలి ఏ లాభానికీ గిట్టదు. స్కిన్‌లెస్ అడిగితే ఈకలు చర్మంతో సహా ఊడొస్తాయి. చర్మం కింది కొవ్వు ఈకల్ని జిడ్డు చేసి నీరు, బ్యాక్టీరియా అంటకుండా అడ్డుపడుతుంది. వేడినీళ్లలో ముంచి మెషీన్‌లో ఈకలు పీకిన చోట మాత్రం అవి కాస్త శుభ్రంగా, విడిగా దొరుకుతాయి.

అందుకని మొదట కావాల్సింది ప్రయోగశాల కాదు, రెండో డ్రమ్ము. ఒకటి ఈకలకు, ఒకటి మిగతావాటికి. మున్సిపాలిటీలు తడిచెత్త, పొడిచెత్త అని ఇళ్లలో రెండు బుట్టలు అలవాటు చేయడానికి ఏళ్లు పట్టింది. షాపుల సంఖ్య ఇళ్లంత ఉండదు. లైసెన్సు ఇచ్చేటప్పుడే రెండు డ్రమ్ముల నిబంధన పెట్టి, రోజూ సాయంత్రం ఈకల డ్రమ్మును ఒక్క బండి పోగుచేస్తే చాలు. వంద షాపుల ఈకలు ఒకచోట చేరితే కంపోస్టు షెడ్డు నడుస్తుంది. వెయ్యి షాపులవి చేరితే దాణా ఫ్యాక్టరీ లెక్క వేసుకోవచ్చు. డ్రమ్ము ఎక్కడికి పోతోందో కాగితం మీద రాసి ఉంటే రాత్రిపూట చేపల చెరువులకు వెళ్లే లారీలకు సరుకు తగ్గుతుంది.

బ్యాక్టీరియా తన వంతు పని కోట్ల ఏళ్లుగా చేస్తూనే ఉంది. ఈకను శుభ్రంగా, విడిగా దాని ముందు పెట్టడమొక్కటే మనుషుల వంతు. ఈసారి చికెన్ కొనేటప్పుడు కొట్టేవాణ్ని ఓ మాట అడిగి చూడండి... ఈకల డ్రమ్ము ఎక్కడికి పోతుందని. పదిమంది అడిగితే అతనూ ఇంకొకరిని అడుగుతాడు.